బిల్ల లేకుండా బాయి దిగిన మనిషి

1992 ఎండాకాలంలో నన్ను నస్పూర్ వైపు గని నుంచి గోదావరిఖనిలోని ఒక ఇంక్లైన్‌కు సేఫ్టీ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. ఇంక్లైన్ అంటే ఏటవాలు దారిలో నడిచి దిగే భూగర్భ గని. కార్మికులు మాత్రం దాన్ని బాయి అనే అంటారు. సేఫ్టీ ఆఫీసర్ మేనేజర్‌కు కింద పనిచేస్తాడు. తనిఖీ చేయడం, లోపం కనబడితే మేనేజర్‌కు రాతపూర్వకంగా తెలియజేయడం అతని బాధ్యత. ఎవరిని ఏ డ్యూటీకి పంపాలో నిర్ణయించేది మేనేజరే.

నేను స్వతహాగా భయస్తుణ్ణి. దాన్ని దాచుకునే ప్రయత్నం ఎప్పుడూ చేయలేదు. నా వెనక నన్ను పిరికి సారు అనుకునేవారని కూడా తెలుసు. కీడెంచి మేలెంచమని పెద్దలన్నారు. ఈ ఉద్యోగంలో కీడు ఎంచడానికే జీతం ఇస్తారు, మేలు ఎంచే పని వేరే శాఖది. అయినా నా సర్వీసులో పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఓదెలు అనే టింబర్‌మెన్ తన కూతురి చదువు సంగతి అడగడానికి మా ఇంటికి వచ్చిన ఆ నెల ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ గనిలో అప్పుడు ఒక డిస్ట్రిక్టులో, అంటే ఒక పని విభాగంలో, డీపిల్లరింగ్ నడుస్తోంది. గనిలో మొదట బొగ్గును గళ్లు గళ్లుగా తవ్వుతూ, పైకప్పును మోయడానికి మధ్యమధ్య బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. చివర్లో వెనక్కి వస్తూ ఆ స్తంభాలను కూడా తీసుకుంటారు. స్తంభాలు తీసిన చోట కప్పు కూలాలి. కూలకుండా వేలాడితేనే ఎక్కువ ప్రమాదం. ఆ కూలే అంచు పక్కన కట్టె దిమ్మెలు నిలబెట్టి, మిగతావాళ్లు బొగ్గు ఎత్తుకునేదాకా కప్పును ఆపి ఉంచేవాడు టింబర్‌మెన్. కప్పు మీద బరువు పెరిగినప్పుడు దిమ్మెలు కిర్రుమంటాయి. పక్క గోడల నుంచి బొగ్గు పెళ్లలు చిటపటలాడుతూ రాలతాయి. ఆ చప్పుడు వినగానే చేతిలో పని వదిలేసి బయటికి నడవాలి. అక్కడ చెవులే ప్రాణాలు.

నా మొదటి తనిఖీలోనే ఆ చప్పుడు వచ్చింది. డిస్ట్రిక్టు బాధ్యత చూసే సర్దార్ ఖాజా చేతికర్రతో కప్పును తట్టి చూస్తున్నాడు. దిమ్మె ఒకటి మూలిగింది, వెంటనే ఇంకొకటి. ఖాజా విజిల్ ఊది, అందరినీ బయటికి రమ్మని కేకేశాడు. నాతో సహా అందరం దారులు కలిసే జంక్షన్ దాకా పరుగులాంటి నడకతో వచ్చేశాం. వెనక్కి తిరిగి చూస్తే ఒక మనిషి అక్కడే, ఒక దిమ్మెను ఎగాదిగా చూస్తూ నిలబడి ఉన్నాడు. ఖాజా వెనక్కి పరుగెత్తి, నడుముకున్న దీపం బెల్టు పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ మనిషే ఓదెలు.

ఆ రోజు కప్పు కూలలేదు. సుత్తి చప్పుడులో వినబడలేదని ఓదెలు నవ్వుతూ సర్దిచెప్పాడు. ఖాజా కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. విజిల్ మోగినప్పుడు ఓదెలు సుత్తి అతని చేతిలో ఊరికే వేలాడుతూ ఉండటం నేను చూశాను.

ఆ వారాంతంలోనే ఓదెలు మా క్వార్టరుకు వచ్చాడు. కమాన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, బొగ్గు ఎత్తే పనితో మొదలుపెట్టి టింబర్‌మెన్ అయినవాడు. అతని ఒక్కగానొక్క కూతురు స్వరూప బి.ఏ. మొదటి తరగతిలో పాసైంది. అంతర్జాతీయ సంబంధాలు చదువుతానంటోందట. అది ఏం చదువో ఓదెలుకు తెలియదు, వాళ్ల క్వార్టర్ల లైనులో ఎవరికీ తెలియదు. నా టేబుల్ మీద రోజూ ఇంగ్లీషు పేపరు ఉంటుందని ఖాజా చెప్పి పంపాడట.

"మీరు బాయిల కట్టె మంచిదో కాదో సూసి చెప్తరు గద సార్," అన్నాడు ఓదెలు. "గట్లనే ఈ సదువులు గూడ సూసి చెప్పుండ్రి."

చూడవలసినవి మూడు. మొదటిది ఢిల్లీలోని ఒక కేంద్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. స్వరూప ప్రవేశ పరీక్ష రాసి ఎంపికైంది. ఫీజు నామమాత్రం, హాస్టల్ ఉంది, తండ్రి ఆదాయం చూసి స్కాలర్‌షిప్ ఇచ్చే వీలు కూడా ఉంది. ఖర్చంతా మెస్సు, పుస్తకాలు, చలికోట్లు, రామగుండం నుంచి రైలు చార్జీలు. రెండోది హైదరాబాద్‌లో రాజనీతి శాస్త్రం ఎం.ఏ. అందులో అంతర్జాతీయ సంబంధాలు ఒకటి రెండు పేపర్లు మాత్రమే. ఊరు దగ్గర, కాని హాస్టల్ సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. మూడోది దక్షిణాదిన ఒక ప్రైవేటు సంస్థ ఇచ్చే డిప్లొమా. పరీక్ష లేదు, దరఖాస్తు పెడితే సీటు. ఏడాది ఫీజు ఓదెలు ఏడాది జీతం కంటే ఎక్కువ. నున్నటి కాగితం మీద అచ్చువేసిన పుస్తకంలో దౌత్య కార్యాలయాలు, విదేశీ కంపెనీలు, ఏ పోస్టు, ఎంత జీతం అని వరుసగా వేసి, అరచేతిలో వైకుంఠం చూపించారు.

ఢిల్లీలో ప్రభుత్వోద్యోగం చేస్తున్న నా క్లాస్‌మేట్‌కు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. అతను నాలుగు చోట్ల విచారించి చెప్పిన సారాంశం ఇది. విదేశాంగ సర్వీసుకు వెళ్లాలంటే సివిల్స్ పరీక్ష పాసవ్వాలి, దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఎం.ఏ. చేసినవాళ్లలో కొందరు పరిశోధనకు, కొందరు లెక్చరర్లుగా, కొందరు పత్రికల్లోకి పోతారు. కొందరు మళ్లీ వేరే చదువు వెతుక్కుంటారు. ప్రైవేటు డిప్లొమాకు విశ్వవిద్యాలయాల గుర్తింపు లేదు. అందులో చదివిన ఇద్దరు ముగ్గురు ట్రావెల్ ఏజెన్సీల్లో టికెట్లు రాస్తున్నారు. సర్టిఫికెట్ చూసి పోస్టు ఇచ్చేవాళ్లు ఎక్కడా లేరు.

ఇదంతా ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లుగా రాసి, ఖర్చు ఒక వరుసలో, ఫలితం ఒక వరుసలో పెట్టి, తర్వాతి శుక్రవారం మళ్లీ వచ్చిన ఓదెలుకు వివరించాను. ఢిల్లీయే మేలన్నాను. అతను నా నోటివైపే కన్నార్పకుండా చూస్తూ విన్నాడు. చివరికి ఢిల్లీ గడి మీద వేలు పెట్టాడు.

"ఇది పాసైతె ఏ పోస్టిస్తరు సార్?"

ఏ పోస్టూ ఇవ్వరన్నాను.

"పోస్టు లేని సర్టిఫికెట్ ఎవలన్న ఎందుకు పెడుతరు?"

ఈ ప్రశ్న బొగ్గు బాయి మనిషి మాత్రమే అడగగలడు. మా పరిశ్రమలో ప్రతి సర్టిఫికెట్‌కూ ఒక పోస్టు ఉంటుంది. సర్దారీ పాసైతే సర్దార్, ఓవర్‌మెన్‌షిప్ పాసైతే ఓవర్‌మెన్, సెకండ్ క్లాస్ ఉంటే అండర్ మేనేజర్, ఫస్ట్ క్లాస్ ఉంటే మేనేజర్. కాగితం లేనిదే ఆ పని చేయనివ్వరు. కాగితం సంపాదించినవాడు ఇవాళ కాకపోతే రేపు ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఆ లెక్కన పోస్టు పేరు చెప్పింది ప్రైవేటు సంస్థ ఒక్కటే. ఖరీదు ఎక్కువంటే గట్టి సరుకే అయి ఉంటుందని కూడా ఓదెలు అనుకున్నాడు. తన కూతురిని దిక్కూమొక్కూ లేని ఊరికి పంపి, చివర్లో పోస్టు కూడా లేదనిపించుకోవడం అతనికి మింగుడుపడలేదు. నేను ఎంత చెప్పినా అతని భయం అతనిది.

మంచినీళ్లు తేవడానికి లేచి, వంటింటి గుమ్మం దగ్గరి నుంచి చాయ్ తాగుతావా అని అడిగాను. ఓదెలు పలకలేదు. గొంతు పెంచి మళ్లీ అడిగాను. వీపు నాకు పెట్టి, ఆ రంగుల పుస్తకం పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. ఈ మనిషి రోజూ కూలబోయే కప్పు కింద నిలబడుతున్నాడు, అది కూలబోతున్న సంగతి అతనికి వినబడదు.

ఎదురుగా కూర్చుని, పెదవులు బాగా కదిలేలా, చెవులు వినబడటం లేదా అని అడిగాను. ఓదెలు తల వంచుకున్నాడు. ఏడాదిగా అలాగే ఉందన్నాడు. డాక్టర్ల ముందుకు వెళితే అండర్‌గ్రౌండ్‌కు పనికిరావని రాస్తారు, పైన తేలిక పని ఇస్తారు, జీతం తగ్గుతుంది, ప్లేడేలు ఉండవు. ప్లేడే అంటే వారం సెలవు రోజున చేసే డ్యూటీ, దానికి రెండింతల కూలి. స్వరూప మొదటి ఫీజు కట్టేదాకా ఆగమని నన్ను బతిమాలాడు. నేను ఆగలేనన్నాను. లేచి, చెప్పులేసుకుంటూ, నా బిడ్డ సదువు మీద మన్ను పోస్తున్నరు సార్ అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా మరునాడే అతనికి ప్రత్యేక వైద్య పరీక్ష చేయించాలని మేనేజర్‌కు రాసి ఇచ్చాను.

మేనేజర్ మంచివాడే. పరీక్ష అయ్యేదాకా ఓదెలును పైన ఉంచుతూ సోమవారం నుంచి అమలయ్యేలా సంతకం చేశాడు. మధ్యలో ఆదివారం ఉంది. ఆ ఆదివారం ప్లేడే, ఆ జాబితాలో ఓదెలు పేరు అప్పటికే ఉంది. దాన్ని కూడా కొట్టేయమన్నాను. ఒక్క రోజుకు ఏమవుతుందయ్యా, నీ భయంతో మమ్మల్ని చంపుతావు అని మేనేజర్ నవ్వి ఫైలు మూశాడు. నా పెద్ద భయాలన్నీ ఎప్పుడూ ఆ ఒక్క రోజు గురించే.

శనివారం సాయంత్రం స్వరూప వచ్చింది. ఆ అమ్మాయిని చూడటం అదే మొదటిసారి. లోపలికి రమ్మన్నా రాలేదు. పిడికిలి విప్పి, గుండ్రటి ఇత్తడి బిల్ల ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఇది బాపు బిల్ల సార్. ఇది లేకుంటె దీపం ఇయ్యరు గద. దీపం లేకుంటె దిగలేడు."

బిల్ల సంగతి చెప్పాలి. ప్రతి కార్మికుడికీ నంబరు చెక్కిన ఒక బిల్ల ఉంటుంది. దిగేముందు ల్యాంప్ రూములో బిల్ల ఇచ్చి టోపీ దీపం తీసుకోవాలి. బిల్ల అక్కడ బోర్డు మీద అతని కొక్కేనికి వేలాడుతుంది. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిల్ల తీసుకుపోతాడు. బోర్డు మీద ఎన్ని బిల్లలుంటే లోపల అంతమంది ఉన్నట్టు. ప్రమాదం జరిగితే మేమందరం మొదట పరుగెత్తేది ఆ బోర్డు దగ్గరికే.

ఇంట్లో అమ్మ పిలిచినా తండ్రి పలకడని, తన ఫీజు కోసమే బాయి దిగుతున్నాడని ఖాజా ఇంటివాళ్ల ద్వారా తెలిసిందని స్వరూప చెప్పింది. ఆ ప్రైవేటు చదువు తనకు వద్దంది. నేను వెంటనే ల్యాంప్ రూముకు వెళ్లి, ఓదెలుకు దీపం ఇవ్వొద్దని అక్కడి ఉద్యోగికి స్వయంగా చెప్పాను. బిల్ల జేబులో వేసుకుని ఇంటికొచ్చి, చాలా రోజుల తర్వాత నిశ్చింతగా పడుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. డీపిల్లరింగ్ డిస్ట్రిక్టులో కప్పు కూలిందని, అందరూ క్షేమమని. వెళ్లేసరికి గని ముందు వాతావరణం తేలిగ్గానే ఉంది. బరువు వస్తోందని ఖాజా ముందే పసిగట్టి మనుషులను బయటికి నడిపించాడు. తర్వాత కూలింది. గాలి దుమారం లేచి, దుమ్ము పై దారి దాకా కొట్టింది. బోర్డు ఖాళీ, ఒక్క బిల్లా లేదు. అందరూ చాయ్ తాగుతున్నారు. నేను కూడా ఒక గ్లాసు తీసుకున్నాను.

అప్పుడు గేటు దగ్గర స్వరూప కనబడింది. దగ్గరికి వెళితే, బాపు బాయి దిగిండా సార్ అని అడిగింది. లేదమ్మా, బిల్ల నా దగ్గరే ఉందని జేబులోంచి తీసి చూపించాను.

"మరి ఇంట్ల బాయి బూట్లు లేవు సార్. సద్ది గూడ లేదు."

ల్యాంప్ రూముకు పరుగెత్తాను. శనివారం నేను చెప్పిన మనిషి అక్కడ లేడు. ప్లేడేకు వేరే మనిషిని వేశారు. ఓదెలుకు దీపం ఇచ్చావా అని అడిగితే ఇచ్చానన్నాడు. బిల్ల ఇంట్లో మరిచిపోయానన్నాడట, ఎన్నో ఏళ్లుగా ఎరిగిన మనిషి కదా అని అదనంగా ఉన్న దీపం ఒకటి ఇచ్చాడట. చెబుతూండగానే అతని ముఖం పాలిపోయింది. నా వెనకే వచ్చిన ఖాజా చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. బరువు రాకముందు ఓదెలును దిమ్మెల కోసం పక్క లెవెల్‌కు, అంటే పక్క సొరంగానికి, పంపింది ఖాజాయే. పైకి రాగానే అతని గురించి అడిగాడట కూడా. కొక్కెం ఖాళీగా కనబడేసరికి ముందే ఇంటికి పోయి ఉంటాడనుకున్నాడు.

తండ్రిని కాపాడటానికి కూతురు తీసుకొచ్చిన బిల్లే, తండ్రి లోపల లేడని మా అందరికీ సాక్ష్యం చెప్పింది.

మేనేజర్‌కు కబురు పెట్టి, ఆయన అనుమతితో ఖాజా, నేను, మరో ఇద్దరు దిగాం. గాలి ఆడుతోందో లేదో చూసుకుంటూ, గ్యాస్ పరీక్షించే దీపాన్ని ముందు పట్టుకుని ఖాజా నడిచాడు. దుమ్ము ఇంకా అణగలేదు. చేతి దూరం తర్వాత ఏమీ కనబడటం లేదు. మామూలుగా ఇలాంటప్పుడు పేరు పెట్టి కేకలేస్తూ వెళతాం. ఖాజా అలవాటుగా ఓదెలన్నా అని ఒకసారి పిలిచాడు. వెంటనే ఆగిపోయి నావైపు చూశాడు. పిలిచి లాభం లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ తర్వాత దీపాలు పక్కలకు తిప్పి వెతుక్కుంటూ నడిచాం. కప్పు ఎక్కడో లోపల ఇంకా సర్దుకుంటోంది. వెనక్కి పోదామని నోటిదాకా వచ్చిన మాటను ఎన్నిసార్లు మింగానో నాకే తెలియదు.

లెవెల్ మలుపులో దిమ్మెల కుప్ప దగ్గర దొరికాడు. గాలి దెబ్బకు విసిరివేయబడి, దీపం పగిలిపోయి, చీకట్లో ఒక దిమ్మెను రెండు చేతులా కావలించుకుని కూర్చుని ఉన్నాడు. భుజం ఎముక విరిగింది. మా దీపం ముఖం మీద పడేదాకా మేం వచ్చినట్టు తెలియక, పడగానే ఉలిక్కిపడ్డాడు. చీకట్లో ఏ చప్పుడూ లేకుండా అంతసేపు అతను ఏం అనుకుంటూ కూర్చున్నాడో నేను ఎప్పుడూ అడగలేదు. అడగడానికి భయమేసింది.

అందరు బయటికి పోయిండ్రా అని అడిగాడు. తల ఊపాను. బిల్ల తీసి అతని అరచేతిలో పెట్టాను. బొటనవేలితో నంబరు తడిమి, గుర్తుపట్టి, నా ముఖంలోకి చూశాడు.

"ఇది మీ తాన ఎట్లున్నది?"

దీపం వెలుగు నా నోటి మీద పడేలా పట్టుకుని, మీ స్వరూప ఇచ్చింది, నువ్వు లోపలున్నావని చెప్పింది కూడా ఆమే అన్నాను. ఓదెలు బిల్లను పిడికిట్లో బిగించి, మంచి చేతిని ఖాజా భుజం మీద వేసి లేచాడు. బయటికి వచ్చేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

దవాఖానలో భుజంతో పాటు చెవులు కూడా పరీక్షించారు. అండర్‌గ్రౌండ్‌కు పనికిరాడని రాసి, పైన ల్యాంప్ రూములో వేశారు. స్వరూప ఢిల్లీ వెళ్లింది. స్కాలర్‌షిప్ ఆలస్యంగానైనా వచ్చింది. ఎం.ఏ. పాసైంది, సివిల్స్ రెండుసార్లు రాసింది, రాలేదు. కొన్నాళ్లు ఢిల్లీలో చిన్నాచితకా పనులు చేసింది. తర్వాత కరీంనగర్ వచ్చి, గల్ఫ్ దేశాల్లో చిక్కుకున్న కూలీల కుటుంబాల తరఫున దౌత్య కార్యాలయాలకు రాసి, వాళ్లను వెనక్కి రప్పించే ఒక చిన్న సంస్థలో చేరింది. జీతం తండ్రి టింబర్‌మెన్ జీతాన్ని చాలా ఏళ్లదాకా దాటలేదు. నా తెల్లకాగితం మీద ఫలితం గడిలో ఆ పని లేదు, ఏ సంస్థ పుస్తకంలోనూ లేదు.

ఆ తర్వాత కూడా కార్మికులు, ఆఫీసర్లు పిల్లల చదువుల పుస్తకాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. ఖర్చు, ఫలితం వరుసలు మునుపటిలాగే రాసేవాణ్ణి. కాని వాటికంటే పైన ఇంకో వరుస గీసి, ఆ ఫీజు కోసం ఇంట్లో ఎవరు ఎక్కడ నిలబడాల్సి వస్తుందో మొదట అది నింపమనేవాణ్ణి. ఆ గడి నింపాక ఇద్దరు ముగ్గురు పుస్తకం మడిచి తీసుకుపోయారు.

నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ల్యాంప్ రూము కిటికీలో ఓదెలే కూర్చునేవాడు. ఒకరోజు తనిఖీకి తొందరగా దిగాలని, బిల్ల ఆఫీసు గదిలో వదిలేసి వచ్చి దీపం అడిగాను. ఓదెలు నా పెదవులు చదివి, ఖాళీగా చాపిన నా చేతిని చూశాడు. దీపాన్ని తన వైపే ఉంచుకుని, బిల్ల తెచ్చుకోండ్రి సార్ అన్నాడు. నేను వెనక్కి నడిచి వెళ్లి తెచ్చుకున్నాను. బిల్ల మనిషి కాదు, సర్టిఫికెట్ ఉద్యోగం కాదు. రెండింటి వెనకా ఉన్న మనిషి ఎక్కడున్నాడో వెళ్లి చూడటమే నా ఉద్యోగమని నేను నేర్చుకున్నది ఆ గనిలోనే.